కారప్పొడిలో క్రిములు – కాంతితో చికిత్స

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం (మైక్రోబయాలజీ)

మాది పల్నాటి పల్లె. మూడెకరాల సొంత చేను, మరో రెండెకరాలు కౌలు. రెండింటిలోనూ మిర్చే. మా అమ్మ ఏటా వేసవి ముదరక ముందే ఏడాదికి సరిపడా కారం కొట్టించి జాడీకెత్తుతుంది. నేను హాస్టలుకు బయల్దేరేటప్పుడు అందులోంచే ఒక డబ్బా నింపి సంచిలో పెడుతుంది. మెస్సు కూరలతో విసిగిపోయిన మిత్రులందరికీ ఆ డబ్బా సంగతి తెలుసు. అటువంటి కారం గురించి సావనీరులో నాలుగు చెడ్డమాటలు రాయవలసి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

జరిగిందేమిటంటే, పోయిన సంవత్సరం ప్రాక్టికల్స్‌లో మేడమ్ గారు ఎవరికి వారు ఏదైనా ఆహార పదార్థం తెచ్చి, అందులో ఎన్ని సూక్ష్మజీవులున్నాయో లెక్కకట్టమన్నారు. ఒకడు పెరుగు తెచ్చాడు, ఒకడు హోటలు చట్నీ తెచ్చాడు. నేను అమ్మ కారం తెచ్చాను. ఏమీ మొలవదనే ధీమా నాది. ఒక గ్రాము కారాన్ని క్రిమిరహితమైన ఉప్పునీటిలో కలిపి, దాన్ని పదింతలు, వందింతలు పలుచన చేసుకుంటూ పోయి, అగర్ ప్లేట్ల మీద పరిచి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్లో రాత్రంతా ఉంచాను. తెల్లారి చూద్దును గదా, మొదటి రెండు ప్లేట్లు లెక్కకే అందలేదు. వానకు పుట్టగొడుగులు మొలిచినట్టు ప్లేటంతా మచ్చలే. చట్నీ తెచ్చినవాడు నా ప్లేటు చూసి నవ్విన నవ్వు ఇప్పటికీ మరచిపోలేదు.

"కంగారుపడకు, వీటిలో చాలావరకు మట్టిలో ఉండే బాసిల్లస్ జాతివి. అన్నీ జబ్బు చేసేవి కావు. కానీ ఇవి వచ్చిన దారినే జబ్బు చేసేవీ రావచ్చు" అన్నారు మేడమ్ గారు.

ఆ సాయంత్రం ఇంటికి ఫోను చేసి చెప్పాను. చెప్పకుండా ఉండవలసింది. "ఏరా, పదిహేను రోజులు ఎండలో ఎండిన కాయలో క్రిములేంట్రా? నోట్లో వేసుకుంటే మనిషికే కళ్లెంట నీళ్లొస్తయ్యి, క్రిమి బతుకుద్దా?" అన్నాడు నాన్న. అమ్మ మాత్రం ఎదురు చెప్పలేదు. "జాడీ సరిగా కడగలేదేమోలే నాన్నా" అంది మెల్లగా. నాన్న గద్దింపు కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తప్పు జాడీది కాదు, అమ్మదీ కాదు అని రుజువు చేయాలనే పట్టుదలతో లైబ్రరీలో పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను. అలా పోయి పోయి కాంతి దగ్గర తేలాను.

ముందు నాన్న ప్రశ్నలు చూద్దాం. కారంలో క్రిమి ఎలా బతుకుతుంది? మిరపలోని ఘాటు పదార్థం క్యాప్సైసిన్ కొన్ని సూక్ష్మజీవుల పెరుగుదలను కొంత అడ్డుకునే మాట నిజమే గాని, కారప్పొడిని శుద్ధి చేసేటంత శక్తి దానికి లేదు. ఇక ఎండబెట్టడం వల్ల జరిగేది క్రిమి చావడం కాదు, నిద్రపోవడం. నీరు లేకపోతే అది పెరగదు, పిల్లల్ని పెట్టదు. అలాగని చావదు కూడా. మన ఇళ్లలో గాదెలో దాచిన విత్తనం ఏడాది తర్వాత తడి తగలగానే మొలకెత్తుతుంది గదా, ఇదీ అంతే. పాలపొడిలో క్రోనోబాక్టర్ అనే సూక్ష్మజీవి రెండేళ్లకు పైగా ప్రాణంతో ఉన్నట్టు పరిశోధకులు చూశారు.

ఇంకో చిత్రం ఉంది. తడిలో ఉన్న సాల్మొనెల్లాను 70, 80 డిగ్రీల వేడి క్షణాల్లో చంపేస్తుంది. అదే సాల్మొనెల్లా పొడి పిండిలో ఉంటే అదే వేడికి నిమిషాల తరబడి తట్టుకుంటుంది. ఎండిన క్రిమి మొండిదవుతుంది. కనుక పొడిని వేయించి శుద్ధి చేద్దామంటే, క్రిమి చచ్చేలోగా కారం రంగు మాడుతుంది, పాలపొడి కమురు కంపు కొడుతుంది.

కూరలో వేసి ఉడికించే కారానికి ఈ భయం అక్కర్లేదు. ఆవకాయ సంగతి వేరు, అందులో ఉప్పూ పులుపూ కాపలా కాస్తాయి. చిక్కల్లా ఉడకని చోటే. జామకాయ ముక్క మీద ఉప్పూకారం, బండి మీద ముంతమసాలా, వేయించిన తర్వాత పైన చల్లే కారం, ఇవన్నీ పొయ్యి మొహం చూడనివి. 1993లో జర్మనీలో సరిగ్గా ఇదే జరిగింది. బంగాళాదుంప చిప్స్ మీద చల్లిన పాప్రికా పొడిలో, అంటే మన మిరపకు దాయాది అయిన ఎర్రపొడిలో, సాల్మొనెల్లా ఉంది. చిప్స్ వేగాయి గాని పొడి వేగలేదు. సుమారు వెయ్యిమంది జబ్బుపడ్డారని అంచనా వేశారు. వారిలో ఎక్కువమంది 14 ఏళ్ల లోపు పిల్లలు. నలభై యాభై క్రిములు, ఒక్కోసారి అంతకంటే తక్కువే, జబ్బు చేయడానికి చాలినట్టు తేలింది. చిప్స్‌లోని కొవ్వు వాటిని కడుపులోని ఆమ్లం నుంచి కాపాడి ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

పాలపొడి సంగతి ఇంకా సున్నితమైనది. క్రోనోబాక్టర్ పెద్దవాళ్లను సాధారణంగా ఏమీ చేయదు. నెలలు నిండని పసిపిల్లలకు మాత్రం మెదడు పొరల వాపు తెచ్చి ప్రాణం తీయగలదు. పాలపొడి కలిపే నీరు 70 డిగ్రీలకు తగ్గరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది అందుకే. కలిపాక చల్లార్చి పట్టాలి గాని, గోరువెచ్చని నీళ్లలో కలపకూడదన్నమాట. 2022లో అమెరికాలో ఒక పెద్ద శిశు ఆహార కర్మాగారంలో ఈ క్రిమి కనిపించి ఉత్పత్తి ఆగిపోతే, అంత సంపన్న దేశంలోనూ తల్లులు పాలపొడి డబ్బాల కోసం ఊళ్లు తిరిగారు.

మరి ఇన్నాళ్లూ పొడులను ఎలా శుద్ధి చేస్తున్నారు? ఒక దారి ఇథిలీన్ ఆక్సైడ్ అనే వాయువు. పొడి సందుల్లోకి చొరబడి క్రిముల్ని చంపుతుంది, వేడి అక్కర్లేదు. కానీ అది కాన్సర్ కారకం. యూరప్‌లో ఆహారానికి దాని వాడకం 1991 నుంచి నిషిద్ధం. 2020లో మన దేశం నుంచి వెళ్లిన నువ్వుల్లోనూ, 2024లో హాంకాంగ్, సింగపూర్‌లకు వెళ్లిన కొన్ని మసాలా పొడుల్లోనూ దాని అవశేషాలున్నాయని గొడవ జరిగింది. ఆ వార్త వచ్చిన వారం మా ఊరి టీకొట్లో చర్చంతా దాని మీదే. మేం చల్లని మందుకు మా సరుకు పేరు పాడైందేమిటని రైతుల బాధ.

రెండో దారి కోబాల్ట్-60 నుంచి వచ్చే గామా కిరణాలు. నవీ ముంబైలోని వాషిలో 2000 నుంచి మసాలాలను ఇలా శుద్ధి చేసే కేంద్రం ఉంది. మసాలా దినుసులకు 14 కిలోగ్రే మోతాదు వరకు మన చట్టం ఒప్పుకుంటుంది. గామా కిరణాలు సంచిని కూడా దాటి లోపలికి పోతాయి. తిండి రేడియోధార్మికం కాదు, అది ఉత్త భయం. కానీ 'రేడియేషన్' అన్న మాట పాకెట్టు మీద కనబడగానే కొనేవాడు వెనక్కి పెడతాడు. పైగా అటువంటి కేంద్రం కట్టడం చిన్నవాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఆవిరి పట్టడం ఇంకో పద్ధతి. గింజలకూ కాయలకూ బాగానే ఉంటుంది. పొడికి ఆవిరి పడితే ముద్దవుతుంది, చెప్పేదేముంది.

ఇప్పుడు కాంతి దగ్గరకొద్దాం. సూర్యకాంతికి క్రిముల్ని చంపే గుణం ఉందని 1877లో ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు చూపించారు. తీపి ద్రావణం పోసిన గాజు గొట్టాలను కొన్ని ఎండలో, కొన్ని చీకట్లో పెట్టారు. చీకట్లోవి మురిగాయి, ఎండలోవి తేటగా నిలిచాయి. నీల్స్ ఫిన్సెన్ అనే డెన్మార్క్ వైద్యుడు చర్మానికి వచ్చే ఒక రకం క్షయను కాంతితో నయం చేసి 1903లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. తర్వాత తేలిందేమంటే, కాంతిలో అన్ని రంగులకూ ఈ శక్తి సమానంగా లేదు. 260 నానోమీటర్ల దరిదాపు తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కిరణాలు అన్నిటికన్నా పదునైనవి. ఎందుకంటే డి.ఎన్.ఏ. ఆ కిరణాలనే ఎక్కువగా పీల్చుకుంటుంది. డి.ఎన్.ఏ. పోగులో పక్కపక్కనే ఉన్న రెండు థయమిన్లు ఆ శక్తికి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. జిప్పులో రెండు పళ్లు కలిసిపోతే జిప్పు కదలనట్టు, ఆ పోగును నకలు తీసుకోవడం క్రిమికి సాధ్యం కాదు. సంతానం ఆగిపోతుంది. మన లాబులో నీలంగా వెలిగే పాదరసపు దీపం ఇచ్చేది 254 నానోమీటర్లు, దాదాపు గురి మీదే.

నాన్న మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. సూర్యుడి నుంచి ఆ పదునైన కిరణాలు బయల్దేరుతాయి గాని నేలకు చేరవు. ఓజోన్ పొర వాటిని పైనే ఆపేస్తుంది. ఆపకపోతే మిరపకాయ మాట దేవుడెరుగు, మిరప రైతే మిగలడు. మన కల్లంలో పడేది ఆ కత్తి కాదు, మొద్దుబారిన దాని తమ్ముడు. అదీ కాయ పైభాగానికే. అడుగుభాగం నేలకు ఆని, రాత్రి మంచుకు తడిసి, పిట్టల రెట్టలూ కుక్కల పాదాలూ చూస్తూ ఉంటుంది. కాయలో ఒక మూల ఉన్న మకిలి మర ఆడించాక పొడి అంతటా సమంగా పంచబడుతుంది.

అయితే లాబులో దీపం ఉంది గదా, కారాన్ని దాని కింద పెడితే సరి అనుకున్నాను. మేడమ్ గారి అనుమతితో చెంచాడు కారం ఒక పెట్రీ డిష్‌లో పోసి, అరగంట ఆ దీపం కింద ఉంచి మళ్లీ ప్లేట్లు వేశాను. తేడా ఏమీ కనబడలేదు. దీపం పాడైందేమోనని దాని కిందే ఉత్త అగర్ ప్లేటు మీద క్రిముల్ని పూసి పెట్టి చూశాను. అక్కడ శుభ్రంగా చచ్చాయి. దీపం బాగానే ఉంది. కారంలోనే ఏదో ఉంది.

ఆ 'ఏదో' పేరు నీడ. అతినీలలోహిత కిరణం గాలిలో మీటర్లు పోతుంది గాని, ఒక కారపు రేణువును దాటిపోలేదు. పై వరుస రేణువులు గొడుగులా కాస్తుంటే కింది వరుసలు చీకట్లో హాయిగా ఉంటాయి. పై రేణువుకైనా వెలుతురు ఒక చెంపనే తగులుతుంది. రెండోసారి కారాన్ని పలుచగా పరచి, రెండు నిమిషాలకోసారి డిష్ కుదుపుతూ పెట్టాను. ఈసారి మచ్చలు కొంత తగ్గాయి. మరీ గొప్పగా ఏం కాదు, కానీ తగ్గాయి. చేతిలో వణుకుతున్న ఆ డిష్ చూస్తుంటే నాకు మా కల్లం గుర్తొచ్చింది.

సెలవులకు వెళ్లినప్పుడు నాన్నకు ఇలా చెప్పాను. "వడ్లు తూర్పార పట్టేటప్పుడు రాశి మీదికి గాలి ఎంత తోలినా తాలు పోదు గదా. చేటలోంచి ఎత్తుగా, సన్నగా జారవిడిస్తేనే ప్రతి గింజా గాలికి ఒంటరిగా దొరుకుద్ది. పొడికి వెలుతురూ అంతే నాన్నా. కుప్ప మీద వేస్తే లాభం లేదు, ప్రతి రేణువునూ ఎగరేసి, దొర్లించి వెలుతురికి చూపించాలి." నాన్న ఒక్క క్షణం ఆగి, "అట్టా చెప్పు మరి, థయమిన్లూ గియమిన్లూ అంటే నాకేం తెలుసు" అన్నాడు.

ప్రపంచంలో ఈ దిశగా పని చేస్తున్నవారూ చేస్తున్నది ఆ తూర్పారే. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పాలపొడి, గోధుమపిండి, కోడిగుడ్డు తెల్లసొన పొడి మీద చేసిన ప్రయోగాలు 2019 ప్రాంతంలో అచ్చయ్యాయి. వారు వాడింది పాదరసపు దీపం కాదు, జినాన్ వాయువు నింపిన మెరుపు దీపం. ఫొటో స్టూడియోలో ఫ్లాష్ ఎలా పని చేస్తుందో ఇదీ అంతే. విద్యుత్తును కెపాసిటర్లో కొంచెం కొంచెంగా కూడబెట్టి, సెకనులో వెయ్యో వంతుకు అటూ ఇటూగా ఒక్కసారి వదిలేస్తారు. అతినీలలోహితం నుంచి పరారుణం వరకు అన్ని కిరణాలూ ఆ మెరుపులో ఉంటాయి. డి.ఎన్.ఏ.కు దెబ్బ తగులుతుంది, క్రిమి ఒళ్లు కూడా ఆ క్షణంలో వేడెక్కి పగులుతుంది. పాదరసం లేదు కనుక దీపం పగిలినా విషం పడదు.

అసలు తెలివి మెరుపులో కన్నా పొడి నడకలో ఉంది. పొడిని ఒక కంపించే పళ్లెం మీద పలుచగా నడిపిస్తారు. రేణువులు ఎగురుతూ, దొర్లుతూ దీపాల కింది నుంచి సాగుతాయి. ఒకసారితో వదలరు, మళ్లీ మళ్లీ మూడు నాలుగు సార్లు తిప్పుతారు. ఫలితం ఏమిటంటే క్రోనోబాక్టర్ సుమారు 5 'లాగ్'లు తగ్గింది. లాగ్ అంటే పదో వంతుకు తగ్గడం. అయిదు లాగ్‌లంటే లక్ష క్రిముల్లో ఒకటి మిగలడం. చిన్న సంగతి కాదు. కానీ సాల్మొనెల్లాకు బదులుగా పెట్టి చూసిన మరో మొండి సూక్ష్మజీవి, ఎంటెరోకాకస్ ఫీసియమ్, మూడు లాగ్‌ల దగ్గరే తట్టుకుంది. వెయ్యిలో ఒకటి మిగిలిందన్నమాట. ఒక రాశిలో వేల క్రిములుంటే కొన్ని మిగిలే ఉంటాయి. ఆహార నియమాలేమో 25 గ్రాముల మచ్చులో సాల్మొనెల్లా ఒక్కటీ కనబడకూడదంటాయి.

మెరుపు కాంతిని ఆహారం మీద వాడడానికి అమెరికా ప్రభుత్వం 1996లోనే ఒప్పుకుంది. మెరుపు 2 మిల్లీసెకన్లకు మించకూడదు, మొత్తం మోతాదు చదరపు సెంటీమీటరుకు 12 జౌళ్లు దాటకూడదు అని షరతులు పెట్టింది. కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో 395 నానోమీటర్ల ఎల్.ఇ.డి. కాంతితో గోధుమపిండిలోని సాల్మొనెల్లాను తగ్గించి చూశారు. ఎల్.ఇ.డి.లు చౌక పడుతున్నాయి కనుక ఆ దారికి ముందు ముందు గిరాకీ రావచ్చని నా ఊహ.

ఇన్ని చెప్పాక మా కారం సంగతి చెప్పకపోతే బాగుండదు. నా అభిప్రాయంలో మెరుపు కాంతి తెల్లటి పొడులకు చుట్టమే గాని, రంగు పొడులకు ఇంకా పరాయిదే. తెల్లపొడి వెలుతురును చిమ్మేస్తుంది, ఆ చిమ్మిన వెలుతురు పక్క రేణువుకు తగులుతుంది. ఎర్రపొడి మింగేస్తుంది, మింగి వేడెక్కుతుంది. పైగా మిర్చి ధర నిలిచేది రంగు మీద. యార్డులో వ్యాపారి కాయ విరిచి చూసేది ముందు ఎరుపే, తెల్లబడ్డ తాలుకాయకు సగం ధర కూడా రాదు. ఎక్కువ వెలుతురు ఆ ఎరుపును తినేస్తుంది. పసుపు సంగతి అడగనే అక్కర్లేదు. పెళ్లిలో పసుపంటిన బట్టను ఉతికి ఎండలో ఆరేస్తే సాయంత్రానికి మరక వెలిసిపోవడం మన అమ్మలందరికీ తెలుసు. వెలిసేది కుర్కుమిన్. అదే కుర్కుమిన్ నీలికాంతి తాకినప్పుడు చుట్టూ ఉన్న క్రిములను చంపే చురుకైన ఆక్సిజన్‌ను పుట్టిస్తుందని ప్రయోగాల్లో తేలింది. అంటే పసుపు తన రంగును బలిపెట్టి క్రిమిని చంపుతుందన్నమాట. దుగ్గిరాల యార్డులో ఈ బేరానికి ఎవరూ ఒప్పుకోరనుకోండి. పాలపొడికీ కొంత నష్టం లేకపోలేదు. వెలుతురు ఎక్కువైతే రైబోఫ్లావిన్ అనే విటమిన్ తగ్గుతుంది, కొవ్వు ఉన్న పాలైతే వాసన మారుతుంది. వెన్న తీసిన పాలపొడితో ప్రయోగాలు చేయడంలో ఈ సంగతీ ఉండవచ్చు.

ఇంకా, పొడిని ఎగరేసే చోట దీపపు గాజు మీద దుమ్ము పేరుకుంటుంది, వెలుతురు తగ్గుతుంది. గాలిలో తేలే పిండి నిప్పురవ్వకు భగ్గుమంటుంది కూడా. పిండి మరల్లో పేలుళ్లు జరిగాయని విన్నాం గదా. కర్మాగారంలో ఇదంతా చూసుకోవాలి.

అమ్మకు ఇదంతా విడమరిచి చెప్పాను, జాడీ తప్పు లేదని కూడా చెప్పాను. అంతా విని, "అయితే యంత్రం వచ్చేదాకా నా మనవళ్లకు జామకాయలో కారం వెయ్యొద్దంటావా?" అంది. మనవళ్లు ఇంకా లేరు, అది వేరే సంగతి. పైన చల్లే కారాన్ని విడిగా తీసి, అది కొట్టించే కాయలను ముందు శుభ్రమైన పరదా మీదే ఎండబెట్టమన్నాను. కొట్టించాక తడి చెంచా పెట్టవద్దన్నాను. ఈ ఏడు నాన్న, ఏమీ అనకుండానే, రెండు కొత్త టార్పాలిన్ పరదాలు కొన్నాడు. కల్లంలో సగం కాయ నేల మీద, సగం పరదా మీద ఎండింది. రెండింటి నుంచీ తలా గుప్పెడు కాయలు తెచ్చి, ఇక్కడ విడివిడిగా దంచి నిన్ననే ప్లేట్లు వేశాను. ఈ వ్యాసం ఈ సాయంత్రంలోగా ఎడిటర్ గారికి ఇవ్వాలి. ఇంక్యుబేటర్ తలుపు తెరవడానికి ఇంకా నాలుగు గంటల టైముంది.